చక్రాల కుర్చీలోంచి లేస్తే గానీ కథ కంచికి వెళ్లదా?

తెలుగు సీరియళ్లలో వికలాంగులు కనిపించరంటే నిజం కాదు, బాగానే కనిపిస్తారు. ప్రమాదంలో హీరోకి కాళ్లు పడిపోతాయి, భార్య నోములు నోచగా ఒక శుభఘడియలో లేచి నిలబడతాడు. పక్షవాతంతో మంచానపడ్డ పెద్దావిడకు విలన్ గుట్టంతా తెలుసు, కానీ నోరు పెగలదు. ఆ గుట్టు బయటపడాల్సిన వారం రాగానే మాట వచ్చేస్తుంది. ఇంకో ఇంట్లో చక్రాల కుర్చీలో కూర్చున్నవాడు నిజానికి నడవగలడని తేలుతుంది. మూడింటిలోనూ వైకల్యం చేసే పని ఒకటే: కథకు తాళం వెయ్యడం, అవసరం తీరాక తాళం తియ్యడం. వైకల్యంతోనే ఉద్యోగానికి వెళ్లి, అప్పు తీర్చుకుని, తోడికోడలితో పోట్లాడి, మళ్లీ కలిసిపోయే మనిషి మాత్రం కనిపించడు. నా అభ్యంతరమల్లా ఈ లోటు గురించే.

ఈ అలవాటు పాతదే. 1987లో దూరదర్శన్‌లో మొదలైన రామాయణంలో లలితా పవార్ పోషించిన మంథర గూని, ఆ మరుసటి ఏడాది వచ్చిన మహాభారతంలో గూఫీ పెయింటల్ శకుని కుంటి నడక దేశమంతటికీ గుర్తుండిపోయాయి. ఒంట్లో వంకర ఉంటే మనసులోనూ వంకరేనన్నది ఆ బొమ్మలు మిగిల్చిన ముద్ర. నేటి సీరియళ్లు ఆ ముద్రను కాస్త మార్చి, దుర్మార్గుడి స్థానంలో జాలిపడాల్సిన మనిషిని కూర్చోబెట్టాయి. అయినా ఆ మనిషికి సొంత ఇష్టాయిష్టాలు ఇంకా రాలేదు.

బయట బతుకు వేరు. తగరపువలసలో విశాఖ బస్సు ఆగితే, చంకకర్రల మనిషికి ముందుగా ఎదురయ్యేది ఎత్తయిన ఆ మొదటి మెట్టే. కర్రలు రెండూ ఒక చేతిలోకి తీసుకోవాలి, రెండో చేత్తో కమ్మీ పట్టుకోవాలి, వెనకనుంచి తోసుకొచ్చేవాళ్లను ఆపాలి, ఈలోగా కండక్టర్ విజిల్ వేస్తాడు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు స్లాట్ దొరకాలి, డాక్టర్లు వైకల్యం నలభై శాతమో అంతకు మించో ఉందని రాయాలి, అప్పుడే ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆరు వేలకు పెరిగిన పింఛను చేతికొస్తుంది. 2025లో ఆ ధ్రువపత్రాల పునఃపరిశీలన పేరుతో నోటీసులు అందుకున్న ఇళ్లలో ఎంత గుబులు, ఎంత కోపం, ఎన్ని తగవులు నడిచి ఉంటాయో ఊహించండి! సీరియల్ రచయితకు ఇంతకన్నా ఏం కావాలి? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22 లక్షల 66 వేల మంది. వాళ్లూ వాళ్ల కుటుంబాలూ కూడా సాయంత్రం టీవీ ముందు కూర్చునేవాళ్లే.

ఇదంతా కల్పన, వినోదం కోసం చూసేదానికి ఇన్ని లెక్కలెందుకని కొందరంటారు. కల్పనకు నిజం అడ్డు కాదని 2018లో రంగస్థలం చూపించింది. చిట్టిబాబుకు సరిగ్గా వినపడదు, చెవి మిషన్ పెట్టుకోవడం నామోషీ. వినపడకపోవడంలోంచే నవ్వులు పుట్టాయి, చావుబతుకుల్లో ఉన్న అన్న చెప్పే మాట అందకపోవడంలోంచే విషాదమూ పుట్టింది. ఏ దేవుడూ అతని చెవులు బాగుచెయ్యలేదు, ప్రేక్షకులూ సినిమాను తిప్పికొట్టలేదు. మరి రచయిత స్వేచ్ఛ మాటేమిటి? సినిమాల్లో వికలాంగుల చిత్రణపై నడిచిన నిపుణ్ మల్హోత్రా కేసులో 2024 జులై 8న సుప్రీంకోర్టు ఆ స్వేచ్ఛను కాదనలేదు. వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, మనిషిని కించపరిచే హాస్యం వేరని విడదీసింది. వికలాంగుల గురించి తీసేటప్పుడు వాళ్లను కలుపుకోవాలని చెప్పింది. రెండున్నర గంటల సినిమాకు తీరిక లేదంటే ఒప్పుకోవచ్చు. వెయ్యి ఎపిసోడ్లు నడిచే సీరియల్‌కు ఆ సాకు లేదు.

మిగిలింది నటుల సంగతి. స్టార్ మాలో 2018లో మొదలైన మౌనరాగం ఒక మూగ అమ్మాయిని కథానాయికను చేసింది, అది చిన్న విషయమేమీ కాదు. ఆ పాత్రను మాట్లాడగల నటే పోషించింది. నటనంటేనే లేనిది ఉన్నట్టు చూపడం కదా అన్న వాదనలో బలముంది, కాదనను. కానీ ఆ వాదన రెండువైపులా నడవాలి. వైకల్యం లేనివాళ్లకు వికలాంగుల పాత్రలు దొరుకుతున్నట్టే, వికలాంగ నటులకు డాక్టర్, లాయర్, అత్తగారు, విలన్ పాత్రలూ దొరకాలి. డైలీ సీరియల్ షూటింగ్ వేగాన్ని వాళ్లు తట్టుకోలేరన్నది ఆఖరి అభ్యంతరం. ప్రమాదంలో కాలు కోల్పోయి, జైపూర్ కాలితో మళ్లీ నాట్యమాడిన సుధాచంద్రన్, మయూరి సినిమాలో తన కథలో తనే నటించారు. తర్వాత 2001 నుంచి స్టార్ ప్లస్‌లో వచ్చిన కహీఁ కిసీ రోజ్‌లో పెద్ద బొట్టు, బరువైన నగలతో రమోలా సికంద్‌గా రోజువారీ సీరియల్‌ను నడిపించారు. ఇల్లంతా గడగడలాడించే ఆ అత్తగారి పాత్రకూ ఆమె కృత్రిమ కాలికీ ఏ సంబంధమూ లేదు.