ఫొటో వెనుక పేర్లు

పెడనలో ఒక మామ్మగారి ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడల్లా మా చూపు గోడ మీది పాత ఫొటో దగ్గర ఆగిపోయేది. గుంటూరు మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో ఆమె తల్లిగారు చదువు ముగించిన ఏడాది తీయించుకున్న ఫొటో అది. మూడు వరుసల్లో తెల్లచీరల అమ్మాయిలు పంతొమ్మిదిమంది, నడుమ కుర్చీలో ఒక దొరసాని. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. కదిలితే ఫొటో చెడుతుందని బెదిరించి ఉంటారు. చెదలు పట్టిందని ఒకసారి కొత్త ఫ్రేము కట్టిస్తే, కట్టినవాడు అద్దానికి సరిపోవాలని అడుగున పేర్లున్న అట్టను కత్తిరించి పారేశాడట.

ఆ ఫొటోను మేము సంఘం జూబిలీ సంచికలో అచ్చు వేశాం. దొరసానిగారి పేరు పదిమందిని అడిగి పట్టుకున్నాం. మిగిలినవారికి 'నర్సులు' అని రాసి ఊరుకున్నాం. సంచిక అందుకున్న రోజు మామ్మగారు కళ్లజోడు సవరించుకుని చూసి, "అయ్యగారూ, మా అమ్మకూ పేరుందండీ" అన్నారు.

గుంటూరు ఆసుపత్రి అనగానే డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గుర్తుకొస్తారు. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొంది, 1883లో గుంటూరు చేరారామె. అదే సంవత్సరం మన దేశం నుంచి ఆనందీబాయి జోషి అదే కళాశాలలో చదవడానికి సముద్రం దాటింది. ఆసుపత్రి 1898లో మొదలైంది. కుగ్లర్‌గారు 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమెను స్మరించుకోవడం న్యాయమే. అయితే రాత్రంతా రోగి పక్కన కూర్చున్నదెవరు? కాన్పు మైల అని సొంతవాళ్లే దూరంగా నిలబడే రోజుల్లో ఆ నెత్తుటి గుడ్డలు చేతులతో తీసింది ఈ తెల్లచీరల పిల్లలే. నర్సు చదివితే పిల్లకు పెళ్లి కాదనేవారు. మామ్మగారి తల్లి తిరిగొచ్చి పెడన మగ్గాల ఇళ్లలో ఎందరికో పురుళ్లు పోసింది. డబ్బులేనివారు గుడ్డముక్క ఇస్తే, మరో ఇంట్లో పుట్టిన బిడ్డకు అది పక్కగుడ్డ అయ్యేదట.

నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఐగుప్తు రాజు సొంత పేరు లేదు. ఫరో అన్నది బిరుదు మాత్రమే. అతడెవరని సెమినరీలో మేము గంటల తరబడి వాదించుకున్నాం. మగబిడ్డలను చంపమని అతడు ఆజ్ఞాపిస్తే దేవునికి భయపడి చంపని మంత్రసానుల పేర్లు మాత్రం షిఫ్రా, పూయా అని స్పష్టంగా ఉన్నాయి. ఇవన్నీ చదివి, బోధించి, తీరా మా సంచికలో మేము చేసింది అది.

మామ్మగారికి ఎనభై అయిదు దాటాయి. పోయిన నెల ఫ్రేము విప్పి, పెన్సిలు పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాం. మొదట తల్లిగారి పేరు రాయించారు. తర్వాత మరో ముగ్గురివి. వారి ఇళ్లవారిని అడగలేదు గనుక ఇక్కడ రాయడం లేదు. ఆ ముగ్గురిలో ఒకామెది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆ కుటుంబం కబురు ఎవరికీ తెలియలేదట. పేరు మాత్రం మామ్మగారి నోట తడబడకుండా వచ్చింది.

పై వరుసలో మూడో అమ్మాయి దగ్గర ఆగిపోయారు. గుడివాడలో ఉన్న పిన్ని కూతురికి తెలుస్తుందేమో, ఫోన్ చేసి చెబుతానన్నారు. ఫ్రేము ఇంకా బిగించలేదు.