పలక మీద వ్రాసిన పేరు: యోహాను జననాన్ని పిల్లలకు చెప్పే విధానం

నేటాల్‌లోని మన క్రైస్తవ కుటుంబాల పిల్లలకు క్రిస్మస్ కథ బాగా తెలుసు. దానికి ఆరు నెలల ముందు జరిగిన మరొక జననం అంతగా తెలియదు. అది బాప్తిస్మమిచ్చు యోహాను జననం. అనేక క్రైస్తవ సంఘాలు జూన్ 24న దానిని స్మరించుకుంటాయి. లూకా సువార్త మొదటి అధ్యాయంలోని ఆ వృత్తాంతాన్ని పిల్లలకు తెలుగులో ఎలా చెప్పవచ్చునో ఇక్కడ వివరిస్తున్నాము.

హేరోదు రాజు కాలంలో యూదయలో జెకర్యా అనే యాజకుడు, ఆయన భార్య ఎలీసబెతు ఉండేవారు. ఇద్దరూ వృద్ధులు, సంతానం లేదు. ఒకనాడు దేవాలయంలో ధూపం వేసే వంతు జెకర్యాకు వచ్చింది. ధూపవేదికకు కుడివైపున గబ్రియేలు దూత కనబడి, కుమారుడు పుడతాడనీ, అతనికి యోహాను అని పేరు పెట్టాలనీ చెప్పాడు. జెకర్యా నమ్మలేకపోయాడు. ఆ మాట నెరవేరే వరకు ఆయనకు మాట పడిపోయింది.

బిడ్డ పుట్టిన ఎనిమిదవ దినాన చుట్టాలు, ఇరుగుపొరుగువారు కూడి తండ్రి పేరే పెట్టబోయారు. తల్లి ఒప్పుకోక, యోహాను అనే పేరే పెట్టాలన్నది. మీ బంధువులలో ఆ పేరు గలవారు లేరే అని వారు ఆమెతో అని, బిడ్డకు ఏ పేరు పెట్టాలని తండ్రిని సైగలతో అడిగారు. ఆయన పలక తెప్పించుకొని, బిడ్డ పేరు యోహాను అని వ్రాశాడు. వెంటనే ఆయన నోరు తెరుచుకొంది; దేవుని స్తుతించాడు.

ప్రశ్న అడిగినందుకే మాట పోయిందా అని పిల్లలు అడుగుతారు. తరువాత మరియ కూడా దూతను ప్రశ్నించింది. ఆమె మాట పోలేదు. కనుక అడగడం తప్పని చెప్పరాదు. దూత మాటను నమ్మక జెకర్యా రుజువు కోరాడు. ఆ మౌనమే ఆయనకు గురుతు అయింది. దానికి ఒక ముగింపు కూడా ఉన్నదని మొదటే చెప్పితే పిల్లలు భయపడరు.

మన ఇళ్లలోనూ ఒక మౌనం ఉన్నది. 1860 నుండి మద్రాసు ఓడలలో చెరకు తోటలకు వచ్చిన పెద్దల భాష చాలా ఇళ్లలో వినబడడం లేదు. నాయుడు అనే పేరు ఇంగ్లీషు అక్షరాలలో పడి నాయ్‌డూగా మారింది. ఎన్నో కుటుంబాలలో తండ్రి పేరే తరువాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. తాత పేరును తెలుగులో వ్రాయలేని మనుమలు మనలో ఎందరో ఉన్నారు. అందుకే ఈ కథలోని పలక మనకు విలువైనది.

కథ ముగిశాక ఒక పిల్లవానిని జెకర్యాగా నిలబెట్టండి. అతడు మాట్లాడరాదు, సైగలే చేయాలి. చివరకు పలక మీద మూడు అక్షరాలు వ్రాయాలి: యో, హా, ను. వ్రాసిన వెంటనే బిగ్గరగా చదవాలి. తరువాత ప్రతి బిడ్డ తన పేరును, తాతగారి పేరును తెలుగులో వ్రాయాలి.

జాన్ అన్నా యోహాను అన్నా ఒకే పేరని కూడా చెప్పండి. 1903లో నెల్లూరు సీమ నుండి నేటాల్‌కు వచ్చి, తోటలలోని తెలుగు బాప్తిస్టులకు సేవ చేసిన జాన్ రంగయ్యగారి పేరు దానికి మంచి ఉదాహరణ.

పిల్లలు గుణింతం తప్పితే మెల్లగా దిద్దండి, నవ్వకండి. చాలాకాలం మూగవోయిన నోటికి మొదటి మాట కష్టమే.