పాపికొండల ప్రయాణం: జబ్బు దాచవద్దు, ఆశ చంపుకోవద్దు

దేవీపట్నం: కార్తీక మాసం దగ్గర పడుతోందంటే గోదావరి జిల్లాల పల్లెల్లో పాపికొండల మాట మొదలవుతుంది. పదిమంది కలిసి వ్యాను మాట్లాడుకుంటారు. తలా కొంత వేసుకుంటారు. తెల్లవారుజామున బయలుదేరాలని అనుకుంటారు. తీరా మనుషుల లెక్క వేసేటప్పుడు చాలా ఇళ్లలో ఒక పేరు తప్పిపోతుంది. షుగరున్న తండ్రి, మోకాళ్లు వంగని తల్లి, పోలియో కాలితో కర్ర పట్టుకు నడిచే తమ్ముడు. ‘‘నీకెందుకీ అవస్థ, ఇంటిపట్టున ఉండరాదా’’ అంటారు. ప్రేమతోనే అంటారు. వినేవారు మాత్రం మారు మాట్లాడక అరుగు మీద కూర్చుండిపోతారు.

ఆ పెద్దవారిలో రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కి భద్రాచలం రాములవారి దర్శనానికి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. ఆ దారిని మరొక్కసారి చూడాలని వారి ఆశ. పోలవరం ప్రాజెక్టు పనుల వల్ల ఆ దారి ఇప్పటికే చాలా మారింది. దేవీపట్నం మండలంలో పలు గ్రామాలు ఖాళీ అయ్యాయి. ప్రాజెక్టులో పూర్తి మట్టం 45.72 మీటర్ల వరకు నీరు నిలిచిన నాడు గోదావరి ఒడ్డు ఇప్పటిలా ఉండదు. కనుక ‘‘వచ్చే ఏడు చూద్దాంలే’’ అనే మాట పెద్దవారికి ఊరట కాదు.

మరికొందరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. జబ్బు సంగతి చెబితే ఎక్కనివ్వరేమోనని నోరు మెదపకుండా లాంచీ ఎక్కేస్తారు. ఇంట్లో వదిలేయడం ఒక పొరపాటు, దాచి ఎక్కడం రెండో పొరపాటు. ఈ రెంటికీ మధ్య దారి ఉంది. అయితే దానికి ప్రయాణం రేవులో కాదు, ఇంటి దగ్గరే మొదలు కావాలి.

ఒడ్డు వదిలాక వైద్యం దూరం

రాజమండ్రి వైపు నుంచి వచ్చేవారు గండి పోచమ్మ గుడి దగ్గర, భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరం రేవులో లాంచీ ఎక్కుతున్నారు. ఉదయం ఎక్కితే పేరంటాలపల్లి చూసుకుని తిరిగి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఫలహారం, భోజనం లాంచీలోనే. కొండల మధ్యకు వెళ్లాక సెల్‌ఫోను పలకని చోట్లు ఉన్నాయి. 108 బండి రోడ్డు ఉన్నంతవరకే రాగలదు. పెద్ద వైద్యం కావాలంటే అటు రాజమండ్రికి, ఇటు భద్రాచలానికి చేరవలసిందే. రోగికి భయపడవలసినది నీటి లోతు ఒక్కటే కాదు, ఆసుపత్రికి ఉన్న దూరం కూడా.

అందుచేత బయలుదేరడానికి వారం ముందే, రోజూ చూసే డాక్టరు దగ్గరకు వెళ్లి ‘‘రోజంతా లాంచీలో ఉంటాను, మెట్లు ఎక్కవలసి రావచ్చు, వెళ్లవచ్చునా’’ అని అడగాలి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, ఆపరేషను అయినవారు, నెలలు నిండుతున్న గర్భిణులు ఆయన మాట దాటకూడదు. ఆయన వద్దంటే ఆ ఏటికి మానుకోవడమే మేలు.

టిక్కెట్టుకు ముందే అడగాలి

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అన్నట్లు, టిక్కెట్టు కొనేదాకా అన్నీ ఉన్నాయనేవారు కొందరు ఉంటారు. డబ్బు కట్టక ముందే నాలుగు సంగతులు తేల్చుకోవాలి. లాంచీ ఎక్కే బల్లకు పట్టుకోవడానికి ఆసరా ఉందా? కింది అంతస్తులో కూర్చునే చోటు దొరుకుతుందా? మరుగుదొడ్డి తలుపులోంచి చేతికర్రలతో మనిషి పట్టగలరా? మధ్యలో ప్రాణం మీదికి వస్తే ఏ ఒడ్డుకు చేరుస్తారు?

ప్రయాణికుల పేర్లు రాసుకునే చోటే జబ్బు సంగతి కూడా చెప్పాలి. లాంచీ నడిపే సరంగుకూ ఆ మాట తెలిసి ఉండాలి.

నడవలేనివారికి కష్టమంతా ఒడ్డుకూ లాంచీకీ మధ్య వేసే బల్ల దగ్గరే. కాళ్లు లేవని మనిషిని చేతులు పట్టుకుని గుంజకూడదు, భుజం గూడు జారుతుంది. గట్టి కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కళాసీలు ముందువెనుకలు పట్టుకుంటే క్షేమం. తొందరపడి జనంతో కలిసి ఎక్కకుండా, అందరికంటే ముందు గాని, చివర గాని ఎక్కాలి. చక్రాల కుర్చీకి బ్రేకు వేసి ఉంచాలి. నీటి మీద ఉన్నంతసేపు మనిషిని కుర్చీకి బెల్టుతో కట్టవద్దు. జరగరానిది జరిగితే కుర్చీతోపాటు మనిషీ మునుగుతాడు.

పేరంటాలపల్లిలో ఒడ్డు నుంచి గుడికి పైకి ఎక్కాలి. మోకాళ్లు సహకరించనివారు లాంచీలోనే ఆగడం నామోషీ కాదు. వారికి తోడుగా ఒకరు ఆగాలి.

మందుల సంచి

ఒక్క రోజు ప్రయాణానికి రెండు రోజుల మందులు పట్టుకెళ్లాలి. అన్నీ ఒకే సంచిలో పెట్టకుండా రోగి దగ్గర కొన్ని, తోడు వచ్చినవారి దగ్గర కొన్ని ఉంచుకోవాలి. జబ్బు పేరు, వాడే మాత్రలు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి.

షుగరున్నవారు లాంచీలో భోజనం వేళను నమ్ముకుని ముందుగా ఇన్సులిన్ తీసుకోకూడదు. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే అన్నం ఎదురుగా వచ్చాకే వేసుకోవడం మంచిది. ఇన్సులిన్‌ను ఎండలో ఆగిన వ్యానులో వదలరాదు, మంచు గడ్డకూ ఆనించరాదు. వేసవిలో తడిగుడ్డ చుట్టిన చిన్న కుండ దానికి చాలు. చెమటలు పట్టి చేతులు వణికితే షుగరు పడిపోయిందన్నమాట. మూడు నాలుగు చెంచాల పంచదార వెంటనే తినిపించి పావుగంట చూడాలి. తగ్గకపోతే మళ్లీ పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయరాదు.

మూత్రానికి లేవవలసి వస్తుందని బి.పి. మాత్ర మానేయడం, నీళ్లు తాగకపోవడం చాలామంది చేసే పనే. రెండూ ముప్పు తెచ్చేవే. ఆయాసం ఉన్నవారు ఇంజను పొగకు దూరంగా కూర్చుని, పీల్చే మందు చేతికి అందేలా ఉంచుకోవాలి. డయాలిసిస్ చేయించుకునేవారు అది లేని రోజు చూసుకుని వెళ్లాలి. దారిలో కొబ్బరిబొండాం ఇచ్చినా పుచ్చుకోకూడదు. అందులోని పొటాషియం వారి గుండెకు చేటు.

మూర్ఛ వచ్చేవారు మాత్ర తప్పకూడదు, అంచున కూర్చోకూడదు. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. పక్కకు ఒత్తిగిల్లజేసి, నోట్లో ఏమీ కుక్కకుండా ఉంటే చాలు. గుండెలో నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా ‘‘కాసేపు చూద్దాం’’ అనకుండా లాంచీ తిప్పించాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే మందు పనిచేయాలంటే నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందులో సగం నీటి మీదే గడిచిపోగలదు.

కచ్చులూరు మరువరాదు

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. ఆనాడు గోదావరి వరద మీద ఉంది. బోటులో 77 మంది ఉండగా 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. దగ్గర్లోని గిరిజనులు తమ పడవలు వేసుకుని వెళ్లి పలువురిని ఒడ్డుకు చేర్చారు. కాళ్లూచేతులూ బాగున్నవారికే అంత కష్టమైన నీరు అది. కనుక వరద రోజుల్లో ఎవరు రమ్మన్నా వెళ్లకూడదు. లైఫ్ జాకెట్టు ఉక్కగా ఉందని విప్పి పక్కన పెట్టకూడదు. నడవలేనివారికి జాకెట్టు తాళ్లు బిగించాకే లాంచీ కదలనివ్వాలి.

రేవుల్లోనూ చేయవలసిన పని ఉంది. ఆసరా కమ్మీలున్న వెడల్పాటి బల్ల, ఒక చక్రాల కుర్చీ, బి.పి., షుగరు చూడగల ఒక నర్సు ప్రతి రేవులోనూ ఉండాలి. రవాణా సౌకర్యాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి చట్టం చెబుతోంది. లాంచీ రేవుకూ ఆ మాట వర్తించేలా అధికారులు చూడవలసిన అవసరం ఎంతైనా ఉంది.

అంతవరకూ భారం కుటుంబానిదే. వ్యాను మాట్లాడేటప్పుడు ఇంట్లో తప్పిపోయే ఆ పేరును ముందుగా రాయాలి. డాక్టరు సరేనంటే, ఏ లాంచీ, ఏ సీటు, తోడు ఎవరు అనేవి ఆ మనిషిని బట్టి నిర్ణయించుకోవాలి. అలా చేస్తే కొండల మలుపులో గోదావరి సన్నబడే చోట ఆ పెద్దాయన కూడా అందరితోపాటు తల ఎత్తి చూడగలుగుతాడు.