బదులు అడగని తీగ

రంగస్థలం మీది దీపాలను నడిపే డీఎంఎక్స్512 పద్ధతి 1986లో అమెరికాలో పుట్టింది. నాటకరంగ సాంకేతిక నిపుణుల సంస్థ యూఎస్‌ఐటీటీ దాన్ని రూపొందించింది. అంతకుముందు దీపం వెలుగును హెచ్చించి తగ్గించే ఒక్కో డిమ్మర్‌కు ఒక్కో తీగ లాగి, అందులో 0 నుంచి 10 వోల్టుల దాకా ఎంత పంపితే దీపం అంత వెలిగేలా చేసేవారు. వంద డిమ్మర్లుంటే వంద తీగలు. ఈ చిక్కు తప్పించడానికి కంపెనీలు దేని పద్ధతి అది తెచ్చుకున్నాయి గానీ, దీపాలను నడిపే ఒకరి కన్సోల్‌తో ఇంకొకరి డిమ్మర్ పలికేది కాదు. ఆ ఇబ్బందిలోంచి వచ్చిన ఉమ్మడి ఒప్పందమే డీఎంఎక్స్. దాదాపు నలభై ఏళ్లుగా అది నిలిచిందంటే, చాలా తక్కువ పని నెత్తిన పెట్టుకోవడమే కారణమని నా వాదన. అది వదిలేసిన పనంతా తీగలు కలిపేవారి చేతుల మీద పడింది. కాబట్టి ఈ ఆవిష్కరణ చరిత్రలో దాన్ని రూపొందించినవారికి ఎంత చోటుందో, ప్రతి ప్రదర్శనకు ముందు కేబుళ్లు పరీక్షించేవారికీ అంత చోటు ఉండాలి.

అది చేసే పని చూడండి. కొత్త వరస మొదలవుతోందని కన్సోల్ ముందుగా ఒక గుర్తు పంపుతుంది. వెనకే 512 అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 లోపు, వరసగా సాగిపోతాయి. ఒక్కో అంకెకు 44 మైక్రోసెకన్లు. వరసంతా పూర్తి కావడానికి 23 మిల్లీసెకన్లు కూడా పట్టదు. వెంటనే మళ్లీ మొదటి నుంచి, సెకనుకు సుమారు 44 సార్లు. 17వ అడ్రస్ పెట్టిన లైటు మొదటి పదహారింటినీ వదిలేసి, తనకు కావలసినవి తీసుకుంటుంది. అందిందనీ చెప్పదు, అందలేదనీ చెప్పదు. తప్పు సరిచూసే ఏర్పాటే లేదు. ఫిలమెంటు దీపాల కాలంలో దీనివల్ల నష్టం కనిపించలేదు: ఒక అంకె చెడినా, ఫిలమెంటు వేడి మారేలోపే సరైన అంకె వచ్చేసేది. ఎల్‌ఈడీలకు, తల తిప్పే మూవింగ్ హెడ్‌లకు ఆ నిదానం లేదు. 540 డిగ్రీలు తిరిగే తలను 256 మెట్లుగా విడగొడితే ఒక్కో మెట్టు రెండు డిగ్రీలు దాటుతుంది. ఇరవై మీటర్ల దూరంలో వెలుగు డెబ్బై సెంటీమీటర్లకు పైగా గెంతుతుంది. అందుకే ఒక్క కదలికకే రెండు చానెళ్లు, అంటే వరసలోని రెండు అంకెలు, వాడతారు. వాటిలో పెద్ద అంకె చెడితే తల అదిరిపడటం ప్రేక్షకులకే కనిపిస్తుంది. పద్ధతి అదే, దీపాలు మారాయి. తీగ మీద భారం పెరిగింది.

ఆ తీగ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సంకేతం రెండు తీగల మధ్య వోల్టేజీ తేడాగా ప్రయాణిస్తుంది. బయటి అలజడి రెండింటికీ సమానంగా తగులుతుంది కనుక తేడా చెక్కుచెదరదు. అయితే లైను చివరను ఖాళీగా వదిలేస్తే, కోనేటి మెట్లకు తగిలి మళ్లిన అలలాగా సంకేతం వెనక్కి వచ్చి తర్వాతి దాన్ని చెడగొడుతుంది. చివరి లైటు దగ్గర 2, 3 పిన్నుల మధ్య 120 ఓముల రెసిస్టర్ పెడితే ఆ తిరుగుప్రయాణం ఆగుతుంది. దీన్నే టెర్మినేటర్ అంటారు. చిన్న లైనులో అది లేకపోయినా అన్నీ వెలుగుతాయి, మోసమంతా అక్కడే. ఇంకో రెండు లైట్లు కలిపి, కేబుల్ పొడిగించిన రోజున మధ్యలో ఏదో లైటు మినుకుమంటుంది. మరమ్మతుకు దాన్నే విప్పుతారు, లోపం దానిది కాకపోయినా. లైను ఒక లైటు నుంచి మరో లైటుకు సాగాలే తప్ప, మధ్యలో తీగను చీల్చి రెండు దారులు చేయకూడదు. చీల్చాల్సి వచ్చినా, లైట్లు ఒక లైనులో 32 దాటినా స్ప్లిటర్ కావాలి. ఆప్టికల్ ఐసొలేషన్ ఉన్నదైతే, ఒక లైటులోంచి పొరపాటున లైనులోకి చొరబడిన కరెంటు మిగతావాటిని కాల్చకుండా ఆగుతుంది.

తప్పు సరిచూడని పద్ధతిని నమ్మడమేమిటని అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. బాణసంచా వంటి ప్రమాదకరమైన వాటికి దీన్ని వాడకూడదని ఆ ప్రమాణమే హెచ్చరిస్తోంది. దీపానికి సరిపోయే భరోసా ప్రాణానికి సరిపోదు. లైటు తిరిగి మాట్లాడలేదన్న లోటును 2006లో వచ్చిన ఆర్‌డీఎం అనే పొడిగింపు చాలావరకు తీర్చింది, అదీ అవే తీగల మీద. కాకపోతే పాత స్ప్లిటర్లు ఆ బదులును దాటనివ్వవు. నెట్‌వర్క్ కేబుళ్లు వచ్చాక దీని పని అయిపోయిందన్న మాటా వినిపిస్తుంది. కానీ వాటిలో నడిచే ఆర్ట్‌నెట్, ఎస్‌ఏసీఎన్ పద్ధతులు మోసుకొచ్చేది ఆ 512 అంకెల వరసలనే. చాలా వేదికల మీద లైటు దాకా వెళ్లే చివరి కేబుల్ ఇప్పటికీ డీఎంఎక్స్‌దే.

మన ఫంక్షన్ హాళ్లలో అద్దెకు వచ్చే పార్ లైట్లకు చాలావరకు మూడు పిన్నుల సాకెట్లే ఉంటాయి. మైక్ కేబుల్ అందులో ఇట్టే దూరుతుంది, లైటూ వెలుగుతుంది. ఇక వేరే కేబుల్ ఎందుకన్నది గట్టి అభ్యంతరమే. కానీ మైక్ కేబుల్ ఇంపీడెన్స్ మామూలుగా ఈ లైనుకు కావలసిన 120 ఓముల కంటే చాలా తక్కువ కాబట్టి, పొడవు పెరిగేకొద్దీ సంకేతం ఆకారం చెడుతుంది. ప్రమాణం ఐదు పిన్నులు కోరడం వెనక ఇంకో కారణమూ ఉంది: మైక్‌కు పంపే 48 వోల్టులు పొరపాటున కూడా లైటు లోపలి సర్క్యూట్‌కు చేరకూడదు. మూడు పిన్నులు తప్పనిచోట డీఎంఎక్స్ కేబుళ్లను వేరే పెట్టెలో పెట్టి, రెండు చివరలా రంగు టేపు చుట్టి, ప్రతి కార్యక్రమానికి ముందు టెస్టర్‌తో ఒక్కొక్కటీ చూడటం వల్ల ఖర్చయ్యేది కొద్ది నిమిషాలే.