లేజరు వైద్యం – బుగ్గలో గాలి

పోయిన నెలలో మా చిన్నాడపడుచు చిగుళ్ళకు లేజరు వైద్యం చేయించుకుని ఇంటికి వచ్చింది. వచ్చి కూర్చుందో లేదో కుడిబుగ్గ ఉబ్బడం మొదలుపెట్టింది. చూస్తూండగానే కన్ను సగం మూసుకుపోయింది. "వదినా, అద్దం ఇలా తే" అంది పాపం. "మత్తుమందు పడలేదర్రా!" అని మా అత్తగారు తేల్చేశారు. నేనూ ఎలర్జీ మాత్ర ఇవ్వబోయాను. ఎందుకో బుగ్గమీద వేలు ఆనించాను గదా, చర్మం కింద మరమరాల పొట్లం ఒత్తినట్టు చిటచిటమంది! మాత్ర పక్కన పడేసి ఆసుపత్రికి పరుగెత్తాం.

అది చీమూ కాదు, నీరూ కాదు, గాలి అన్నారు డాక్టరుగారు.

లేజరంటే కాంతి గదండీ, గాలి ఎక్కణ్ణుంచి వచ్చిందీ అని అడిగాను. ఆ కాంతి తగిలినచోట వేడి పుడుతుంది. చల్లార్చడానికీ, కొన శుభ్రంగా ఉండడానికీ చాలా యంత్రాల్లో గాలిగాని, గాలీ నీళ్ళూ కలిసిన తుంపరగాని చిమ్ముతుంది. చిగురు కోసినచోట ఆ గాలి లోపలికి దూరవచ్చు. బుగ్గలోపలి పొరలు ఏకిన దూదిలా వదులు. దారి దొరికిందా, గాలి బుగ్గనుంచి కంటికి, మెడకు, ఒక్కొక్కప్పుడు ఛాతీలో గుండె చుట్టూ ఉన్న చోటికీ పాకుతుంది. 2013లో జపాను వైద్యులు ఇలాంటి కేసులు వైద్యపత్రికల్లో ప్రకటించారు. కార్బన్ డయాక్సైడ్ లేజరుతో వచ్చినవే అందులో ఎక్కువ.

లేజరు ఒక్కదాన్నే అనడానికి లేదు. పన్ను తొలిచే డ్రిల్లునుంచీ గాలి వస్తుంది. అసలు 1900లోనే బ్రిటిషు వైద్యపత్రికలో ఒక కేసు వచ్చింది. పన్ను తీయించుకున్న బూరా వాద్యగాడు ఆ వెంటనే బూరా ఊదితే మొహం ఉబ్బిందట!

ఎలర్జీ అయితే సాధారణంగా దురద, దద్దుర్లు ఉంటాయి. గాలి అయితే ఉన్నట్టుండి ఉబ్బుతుంది, నొప్పి అంతగా ఉండకపోవచ్చు, ముట్టుకుంటే చిటచిటమంటుంది. కాని మనం ఇంట్లో కూర్చుని తేల్చే పని కాదిది. వెంటనే పళ్ళ డాక్టరుకు చెప్పాలి. ఆయాసం, గుండెల్లో నొప్పి, మింగలేకపోవడం, గొంతు మారడం, వీటిలో ఏది కనిపించినా తిన్నగా పెద్దాసుపత్రికే. అక్కడ ఎక్స్‌రేగాని, స్కానుగాని తీసి గాలి ఎంతదూరం పోయిందో చూస్తారు. నోట్లోని క్రిములు గాలితోపాటు లోపలికి పోతాయి గనుక చాలామందికి యాంటీబయాటిక్ ఇస్తారు. గాలి రక్తనాళంలోకే పోవడం మరీ అరుదు, కాని ప్రాణాంతకం.

చాలామందికి కొద్దిరోజుల్లో, మహా అయితే వారం పదిరోజుల్లో గాలి దానంతటదే ఇంకిపోతుంది. అందాకా ముక్కు గట్టిగా చీదకూడదు, బెలూన్లు ఊదకూడదు, వాపును ఒత్తకూడదు. మా ఆడపడుచుకు పడిశం కూడా పట్టింది, చీదకుండా ఉండలేక నానా అవస్థా పడింది.

చిగురు కోసే పని ఉంటే, "గాలి తగ్గించి చేస్తారాండీ?" అని ముందే అడగండి. చాలా యంత్రాల్లో గాలి తగ్గించే వీలుంటుంది. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

అయిదోరోజుకు మా పిల్ల బుగ్గ మామూలుకొచ్చింది. మిగిలిన పని ఆ డాక్టరు దగ్గరే, గాలి తగ్గించి, పూర్తి చేయించుకుంది. మా అత్తగారు మాత్రం ఇప్పటికీ మందు పడలేదనే అంటున్నారు.