గోగునార మిశ్రమ పదార్థం: నాణ్యతకు పునాది ఊరవేతలోనే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట భూములలో గోగు ఒకప్పుడు వర్షాధారపు ప్రధాన వాణిజ్య పంట. దాని నార మిల్లులకు చేరి గోనె సంచిగా మారేది. ప్లాస్టిక్ సంచి రాకతో ఆ గిరాకీ సన్నగిల్లింది. ఆహార ధాన్యాలు, చక్కెర వంటి సరుకులకు జనపనార సంచుల వాడకాన్ని రక్షించేందుకు 1987లో చట్టం వచ్చినప్పటికీ, గోగు సాగు కుదించుకుపోతూనే వచ్చింది. నార తీసే కూలీల కొరత, ఊరవేయడానికి నీటి కొరత ఇందుకు తోడయ్యాయి. అందువలన గోనె సంచికి వెలుపల గోగునారకు మరొక విపణి ఉన్నదా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తకు నేడు అత్యవసరమైనది.

అటువంటి విపణి ఉన్నది. మనం గోగు అని పిలిచే రెండు జాతులలో ఒకటైన హైబిస్కస్ కెన్నబినస్‌కు అంతర్జాతీయ వ్యవహారంలో కెనాఫ్ అని పేరు. రెండవది హైబిస్కస్ సబ్డరిఫా, మన గోంగూరకు తోబుట్టువు. ఉత్తరాంధ్రలో నారకై ఎక్కువగా పండేది ఇదే. కెనాఫ్, అవిసె వంటి నారలను పాలీప్రొపిలీన్ పోగులతో కలిపి చాపగా పరచి, వేడి అచ్చులో నొక్కి కారు తలుపుల లోపలి పలకలను తయారుచేయడం విదేశీ పరిశ్రమలలో స్థిరపడిన పద్ధతి. గాజుపోగు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు కాగా, మొక్కల నారది సుమారు 1.5 గ్రాములు మాత్రమే. బరువు తగ్గిన మేరకు వాహనానికి ఇంధనం ఆదా అవుతుంది.

అయితే నారకు, ప్లాస్టిక్‌కు సహజంగా పొత్తు కుదరదు. సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాల వలన నార తేమను పీల్చుకుంటుంది. పాలీప్రొపిలీన్ నీటిని దరిచేరనీయదు. రెండింటి నడుమ పట్టు లేకపోతే పలకపై బలం పడినప్పుడు నార తెగకుండా ఊడివస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో నారను శుద్ధి చేయడం, మాలేయిక్ అన్‌హైడ్రైడ్ జోడించిన పాలీప్రొపిలీన్‌ను కొద్దిగా కలపడం ఇందుకు వాడుకలో ఉన్న ఉపాయాలు. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితే నార మాడటం మొదలవుతుంది గనుక, అంతకు తక్కువ ఉష్ణోగ్రతలో కరిగే ప్లాస్టిక్‌లే దీనికి పనికివస్తాయి.

విద్యార్థుల ప్రాజెక్టులు సాధారణంగా ఈ రసాయన శుద్ధితో మొదలై తన్యతా బలం పట్టికతో ముగుస్తాయి. నార ఏ నీటిలో, ఎన్ని రోజులు ఊరినదో వాటిలో అరుదుగా కనిపిస్తుంది. నా దృష్టిలో అసలు లోపం అక్కడే ఉన్నది. ఊరవేతలో సూక్ష్మజీవులు బెరడులోని పెక్టిన్‌ను కరిగించి నారను విడదీస్తాయి. గడువుకు ముందే తీస్తే మొదళ్ళ వద్ద పెచ్చు అంటుకొని ఉంటుంది. ఆ పెచ్చు పలకలో బలహీనమైన మచ్చగా మిగులుతుంది. గడువు మించితే సూక్ష్మజీవులు నారనే తినివేస్తాయి. కట్ట మొదలు మందం, కొన పలుచన; ఒకే కట్టలో ఈ రెండు దోషాలూ కలిసి ఉండవచ్చు. మొదళ్ళను ముందుగా కొన్ని రోజులు నీటిలో నిలబెట్టి, తరువాత కట్టను పడుకోబెట్టమని చెప్పేది ఇందుకే. కట్టలు మునగడానికి మట్టిపెళ్ళలు, అరటి బోదెలు పెట్టడం వలన నార నల్లబడటమే కాక, ఇసుక చేరి యంత్రాల పళ్ళను అరగదీస్తుంది. సంచి నేతలో సర్దుకుపోయే ఈ హెచ్చుతగ్గులను అచ్చు పలక సహించదు.

నీరు తక్కువైన చోట పచ్చి కాండం నుండి పట్టను ఒలిచి, ఆ పట్టను మాత్రమే ఊరవేసే పద్ధతి మేలు. పుల్ల నీటిలోకి దిగదు గనుక నీరు, స్థలం, కాలం మూడూ కలిసివస్తాయి. బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార, అనుబంధ నారల పరిశోధన సంస్థ రూపొందించిన క్రైజాఫ్ సోనా అనే సూక్ష్మజీవుల పొడి కూడా ఊరే గడువును తగ్గిస్తుంది. మిగిలిన పుల్లను పొయ్యిలో పెట్టే బదులు రంపపు పొట్టు పలకల వంటి వాటికి ముడిసరుకుగా వాడవచ్చు.

పాలీప్రొపిలీన్ కలిసిన పలకను పర్యావరణహిత పదార్థమని ప్రకటించేటప్పుడు కొంత నిగ్రహం అవసరం. అందులోని నార మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ కలవదు. క్షార శుద్ధిలో వెలువడే వ్యర్థజలాన్ని తటస్థీకరించే ఖర్చును కూడా లెక్కలో చేర్చాలి.

రైతు వైపు నుండి చూస్తే చిక్కు మరొకటి. శుభ్రంగా కడిగి, మొదళ్ళు కోసి, ఒకే పొడవున కట్టిన నారకు, మామూలు నారకు సంతలో ధర వ్యత్యాసం స్వల్పమైతే అదనపు శ్రమకు ఎవరూ ముందుకు రారు. కనుక కొనుగోలుదారు కోరే తేమ శాతం, నార పొడవు, పెచ్చు పరిమితి నాటే ముందే రైతు ఉత్పత్తిదారుల సంఘానికి లిఖితపూర్వకంగా అందాలి. ఊరవేసిన తేదీ, తీసిన తేదీ, నీటి వనరు పేరు ప్రతి కట్టకూ చీటీపై ఉండాలి.