కుట్టినవి అవే దోమలు – దద్దులెందుకు వేరు?

మాఘమాసంలో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకల్లాలు ఎర్రని తివాచీలు పరచినట్లుంటాయి. కాయ ఎండేదాకా రాత్రిళ్ళు ఎవరో ఒకరు కాపలా పడుకోవాలి. అలా తండ్రికి తోడుగా అన్నాచెల్లెళ్ళిద్దరు కల్లంలో పడుకున్నారనుకుందాం. ఇద్దరినీ దోమలు కుట్టాయి. తెల్లవారేసరికి అన్న ఒంటిమీద వాటి జాడే లేదు. చెల్లెలి చేతులమీద మాత్రం రూపాయి బిళ్ళలంత దద్దులు! మూడోనాటికి అవి రసికారే పుండ్లయ్యాయి. బడిలో తోటి పిల్లలు "గజ్జి" అంటూ దూరం జరిగారు.

ఆ అమ్మాయికి ఉన్నది గజ్జి కాదు. చిన్నప్పటినుంచీ మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనుక ఎగ్జిమా ఉంది. దోమకాటుకూ దీనికీ సంబంధమేమిటో చూద్దాం.

దోమ వదిలే లాలాజలం

మనల్ని కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు తయారు కావడానికి దానికి రక్తంలోని ప్రోటీన్లు కావాలి. అది సన్నని తొండాన్ని చర్మంలోకి దించి, కాస్త లాలాజలం వదులుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థాలు అందులో ఉంటాయి. మన శరీరం వాటిని "పరాయివి"గా గుర్తించి, ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. వీటిలో ఐజి-ఇ అనే రకాన్ని 1966లో ఇషిజాకా దంపతులు కనుగొన్నారు. దోమ మళ్ళీ కుట్టినప్పుడు ఇవి చర్మంలోని మాస్ట్ కణాలను రెచ్చగొడతాయి. ఆ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. దానివల్లనే దద్దు, ఎరుపు, దురద!

మరి అన్నకు దద్దు ఎందుకు రాలేదు? దోమకాటుకు మనిషి శరీరం మెట్లు మెట్లుగా అలవాటు పడుతుందని 1946లో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. తొలి కాట్లకు ఏమీ కనిపించదు. తరువాత కొన్ని గంటలకు దురద గడ్డలు వస్తాయి. ఆపైన వెంటనే దద్దు, తరువాత గడ్డ రెండూ వస్తాయి. ఇంకా కుట్టగా కుట్టగా వెంటనే వచ్చే దద్దు మాత్రం మిగిలి, చివరకు అదీ పోతుంది. అన్న ఈ చివరి మెట్టు చేరి ఉండవచ్చు.

బీటలు వారిన గోడ

చర్మం పైపొర ఇటుకల గోడ వంటిది. కణాలు ఇటుకలు, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నపు అతుకు. ఎగ్జిమా ఉన్నవారిలో ఈ అతుకు బలహీనం. గోడను గట్టిపరచే ఫిలగ్రిన్ అనే ప్రోటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువని 2006లో తెలిసింది. బీటల గుండా లోపలి తేమ బయటికి పోతుంది, దుమ్ము, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. పైగా ఇటువంటివారిలో చాలామందికి ఐజి-ఇ ఎక్కువ. అందుచేత చిన్న కాటుకే పెద్ద దురద.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. దురద పుట్టిందని గోకుతాం. గోకితే గోడ ఇంకా చెదురుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. గోళ్ళ కింది సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. మిరపకాయలు ముట్టుకున్న చేతులతో గోకితే మరీ ప్రమాదం. మిరపలోని కాప్సెయిసిన్ మంటను తెలిపే నరాలను తట్టిలేపుతుంది. అది నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కనుక కల్లం పని కాగానే చేతులకు నూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి.

మనం చేయవలసినవి

కాటుమీద గోకడానికి బదులు చన్నీటిలో తడిపిన గుడ్డ వేయండి. గోళ్ళు కత్తిరించుకోండి. స్నానం కాగానే, ఒళ్ళు తడి ఆరకముందే, పుండు లేనిచోట కొబ్బరినూనెగాని వాజలిన్‌గాని రాయండి. సున్నం, ఆకుపసర్లు పూయకండి. బీటలు వారిన చర్మాన్ని అవి ఇంకా పాడుచేస్తాయి. మన నేలలో పండే పత్తి ఇక్కడ మంచి నేస్తం: వదులైన, పొడుగు చేతుల నూలుబట్టలు ఒరుసుకోవు, దోమలనూ కొంత ఆపుతాయి. రాత్రి కల్లంలోనైనా దోమతెర కట్టండి. తొట్లు, కుండలు వారానికొకసారి ఖాళీచేసి ఆరబెట్టండి. గుడ్డు దోమగా మారడానికి వేడి రోజుల్లో వారం, పది రోజులు చాలు.

చీము, జ్వరం కనిపిస్తే వైద్యునికి చూపించాలి. పెదవులు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఒక్కమాట గుర్తుంచుకోండి. ఎగ్జిమా అంటువ్యాధి కాదు. చీము పట్టిన పుండును ముట్టుకోకూడదు, దానికి వైద్యం చేయించాలి. అంతేగాని ఎగ్జిమా ఉన్న నేస్తం పక్కన కూర్చున్నందువల్ల, కలిసి ఆడుకున్నందువల్ల అది ఎవరికీ రాదు. రేపు బడిలో ఎవరైనా ఆ అమ్మాయిని చూసి దూరం జరిగితే, మీరు వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి.